లైంగిక దాడి బాధితులకు సేవలందించే సంస్థల ఫెడరల్ గ్రాంట్ రిపోర్టింగ్: అమెరికాలోని లాభాపేక్ష లేని సంస్థలకు సమగ్ర మార్గదర్శి

అమెరికాలో లైంగిక దాడి బాధితులకు అండగా నిలిచే సంస్థల్లో చాలావరకు చిన్నవే. నలుగురైదుగురు ఉద్యోగులు, ఒక హెల్ప్‌లైన్, వారంలో రెండు రోజులు వచ్చే అకౌంటెంట్. కౌన్సెలింగ్ చేసేవారికి లెడ్జర్ అర్థం కాదు, లెడ్జర్ చూసేవారికి కౌన్సెలింగ్ గదిలో ఏం జరుగుతుందో తెలియదు, తెలియకూడదు కూడా. ఈ ఇద్దరి మధ్య ఎవరికీ పట్టకుండా మిగిలిపోయేది గ్రాంట్ రిపోర్టు. ఆఖరి వారంలో ఎవరో ఒకరు కూర్చుని పాత కాగితాలు తిరగేసి అంకెలు అల్లుతారు. తప్పులన్నీ అక్కడే పుడతాయి.

న్యూజెర్సీలో 1985లో మొదలైన మానవి నుంచి ఇప్పటిదాకా అమెరికాలో దక్షిణాసియా మహిళల కోసం పనిచేస్తున్న సంస్థలు చాలానే ఉన్నాయి. వాటిలో కోశాధికారులుగా, బోర్డు సభ్యులుగా, హెల్ప్‌లైన్ వాలంటీర్లుగా తెలుగువాళ్లు కనిపిస్తారు. కంపెనీ లెక్కల్లో ఆరితేరినవారికి కూడా ఫెడరల్ గ్రాంట్ లెక్క మొదట్లో కొరుకుడుపడదు. ఇక్కడ లాభనష్టాలతో పని లేదు. ప్రతి డాలరూ ఏ పనికి ఖర్చయిందో చూపించాలి, ఆ పని ఎవరి కోసం జరిగిందో మాత్రం చూపించకూడదు. ఈ రెండింటినీ కలిపి పట్టుకోవడమే ఇందులో అసలు పని.

ముందు డబ్బు ఎక్కడిదో తేల్చుకోండి

'ఫెడరల్ గ్రాంట్' అని అందరూ ఒకే మాట వాడతారు గానీ, డబ్బు వచ్చే దారిని బట్టి రిపోర్టు ఫారం, గడువు, నిబంధనలు అన్నీ మారిపోతాయి. ఇలాంటి సంస్థలకు ముఖ్యంగా మూడు దారులు.

మొదటిది వోకా. 1984 నాటి నేర బాధితుల చట్టం కింద ఏర్పడిన నిధి ఇది. ప్రధానంగా ఫెడరల్ నేరాల్లో శిక్షపడినవారు కట్టే జరిమానాలతో నడుస్తుంది. అందుకే ఏటా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. న్యాయశాఖలోని నేర బాధితుల కార్యాలయం, అంటే ఓవీసీ, ఈ డబ్బును రాష్ట్రాలకు ఇస్తుంది, రాష్ట్రం మీ సంస్థకు సబ్‌గ్రాంట్‌గా ఇస్తుంది. అంటే మీరు జవాబు చెప్పాల్సింది ముందు రాష్ట్రానికి.

రెండోది ఎస్‌ఏఎస్‌పీ. మహిళలపై హింస నిరోధక చట్టాన్ని 2005లో పునరుద్ధరించినప్పుడు, ప్రత్యేకంగా లైంగిక దాడి బాధితుల సేవల కోసమే పెట్టిన పథకం. దీన్ని న్యాయశాఖలోనే ఉన్న ఓవీడబ్ల్యూ అనే కార్యాలయం నడుపుతుంది. ఇందులో ఒక భాగం రాష్ట్రం ద్వారా వస్తుంది. నిర్దిష్ట సాంస్కృతిక సమాజాలకు సేవచేసే సంస్థలకు ఇచ్చే మరో భాగం నేరుగా ఓవీడబ్ల్యూ నుంచే వస్తుంది. దక్షిణాసియా సంస్థలకు పనికొచ్చేది ఈ రెండోదే.

మూడోది ఫెడరల్ ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఇచ్చే నివారణ నిధి, వాడుకలో ఆర్‌పీఈ. కాలేజీల్లో, సమాజంలో అవగాహన కార్యక్రమాలకు ఉద్దేశించింది.

ఈ తేడా కాగితాల మీదే ఆగిపోదు. ఎస్‌ఏఎస్‌పీ డబ్బుతో నివారణ కార్యక్రమాలు చేయకూడదు. ఫోరెన్సిక్ పరీక్షలు చేసే నర్సుల కార్యక్రమానికీ వాడకూడదు. ఒకే ఉద్యోగి పొద్దున బాధితురాలితో ఆసుపత్రికి వెళ్లి, మధ్యాహ్నం కాలేజీలో ప్రసంగిస్తే, ఆమె జీతంలో మధ్యాహ్నం భాగం ఎస్‌ఏఎస్‌పీకి రాయడం చెల్లదు. ఆడిట్‌లో డబ్బు వెనక్కి కట్టాల్సి వచ్చేది ఎక్కువగా ఇలాంటి చోటే.

ప్రతి గ్రాంటుకూ అది ఏ ఫెడరల్ పథకమో చెప్పే ఒక అసిస్టెన్స్ లిస్టింగ్ నంబరు ఉంటుంది. వోకా సహాయ నిధికి 16.575, రాష్ట్రం ద్వారా వచ్చే ఎస్‌ఏఎస్‌పీకి 16.017, ఆర్‌పీఈకి 93.136. లెడ్జర్‌లో ప్రతి గ్రాంటుకూ విడి కోడ్ పెట్టి, పక్కనే ఈ నంబరు రాసిపెట్టుకోండి. ఏడాది చివర ఆడిటర్ మొదట అడిగేది ఇదే.

అవార్డు వచ్చిన వారంలోనే చేయాల్సినవి

అవార్డు పత్రం, అంటే గ్రాంటు మంజూరు పత్రం, ముప్పై నలభై పేజీలుంటుంది. చాలామంది మొదటి పేజీలో మొత్తం చూసి ఫైల్లో పెట్టేస్తారు. చదవాల్సింది వెనకనున్న షరతులు. వాటిలోంచి ప్రతి రిపోర్టు పేరు, గడువు, పంపాల్సిన వ్యక్తి, ఆమోదం లేకుండా చేయకూడని పనులు ఒక పేజీకి దించుకోండి.

ఓవీడబ్ల్యూ నుంచి నేరుగా వచ్చే గ్రాంటుకు సాధారణంగా గడువులు ఇవి. పని నివేదిక ఏడాదికి రెండుసార్లు: జనవరి 1 నుంచి జూన్ 30 వరకు చేసిన పనికి జులై 30, జులై 1 నుంచి డిసెంబర్ 31 వరకు చేసిన పనికి జనవరి 30. ఆర్థిక నివేదిక మూడు నెలలకోసారి: క్వార్టర్ ముగిసిన 30 రోజుల్లోగా, అంటే జనవరి 30, ఏప్రిల్ 30, జులై 30, అక్టోబర్ 30. జనవరిలోనూ జులైలోనూ రెండూ ఒకే రోజు మీద పడతాయి. ఆ నెలల్లో అకౌంటెంటుకు సెలవు ఇవ్వకుండా చూసుకోవడం మేలు.

వోకా సబ్‌గ్రాంటులో సేవల లెక్కను పీఎంటీ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో క్వార్టర్‌కోసారి నింపాలి. ఇక్కడి సంవత్సరం అక్టోబర్‌తో మొదలవుతుంది. రాష్ట్రాలు తమ గడువును ముందుకు జరుపుకుంటాయి కాబట్టి, మీ ఒప్పందంలో ఉన్న తేదీనే నమ్మండి. ఖర్చుల బిల్లు కొన్ని రాష్ట్రాల్లో ప్రతి నెలా పంపాలి.

తర్వాత లాగిన్‌లు. న్యాయశాఖ 2020 అక్టోబర్ నుంచి జస్ట్‌గ్రాంట్స్ అనే వ్యవస్థ వాడుతోంది. అందులో ఎవరి పాత్ర వారిదే. ఆర్థిక నివేదికను ఫైనాన్షియల్ మేనేజర్ పాత్ర ఉన్నవారే పంపగలరు, పని నివేదికను గ్రాంట్ అవార్డు అడ్మినిస్ట్రేటర్ పంపాలి, ఈ పాత్రలు కేటాయించేది ఎంటిటీ అడ్మినిస్ట్రేటర్. చిన్న సంస్థల్లో ఈ మూడూ ఒక్కరికే ఉంటాయి. ఆ ఒక్కరు ఉద్యోగం మానేస్తే గడువు రోజున లోపలికి వెళ్లే దిక్కుండదు. కనీసం ఇద్దరి పేర్లు పెట్టండి. ఉద్యోగి మానేసే రోజు తాళాలు ఇచ్చినట్టే ఈ పాత్రల బదిలీ కూడా పూర్తి చేయించండి.

డబ్బు తీసుకునేది వేరేచోట, ట్రెజరీ వారి ఏఎస్‌ఏపీ అనే చెల్లింపుల వ్యవస్థలో. దానికి విడిగా నమోదు కావాలి. వీటన్నిటికీ పునాది ఫెడరల్ డబ్బు తీసుకునే సంస్థలు పేరు రాయించుకునే వెబ్‌సైటు శామ్.గవ్‌లో నమోదు. దాన్ని ఏటా పునరుద్ధరించాలి. 2022 ఏప్రిల్ 4 నుంచి సంస్థను గుర్తించే పాత డన్స్ నంబరు పోయి, దాని స్థానంలో యూఈఐ అనే గుర్తింపు సంఖ్య వచ్చింది. సంస్థ చట్టబద్ధమైన పేరు, చిరునామా ఎక్కడ ఒక్క అక్షరం తేడా వచ్చినా పునరుద్ధరణ వారాల తరబడి నిలిచిపోవచ్చు. గడువుకు రెండు నెలల ముందే మొదలుపెట్టండి.

టైమ్‌షీట్: అంతా నిలబడేది దీనిమీదే

ఇలాంటి సంస్థల ఖర్చులో పెద్ద వాటా జీతాలదే. అందుకే టైమ్‌షీట్ సరిగ్గా ఉంటే రిపోర్టు సగం పూర్తయినట్టే. ఫెడరల్ గ్రాంట్ల ఉమ్మడి నిబంధనలు, అంటే 2 సీఎఫ్‌ఆర్ 200, ఒక విషయం స్పష్టంగా చెబుతాయి: బడ్జెట్లో రాసుకున్న శాతం చూపించి జీతం రాయడం చాలదు, నిజంగా చేసిన పనికి రికార్డు ఉండాలి. 'బడ్జెట్లో 60 శాతం వోకా కాబట్టి ప్రతి నెలా 60 శాతం' అని కళ్లు మూసుకుని రాయడమే అందరూ చేసే తప్పు. తాత్కాలికంగా అంచనాతో రాసినా, తర్వాత అసలు గంటలతో సరిచేయాలి.

ఒక ఉదాహరణ. ఒక సహాయకురాలి నెల జీతం 4,800 డాలర్లు. ఆ నెలలో 160 గంటలకు జీతం తీసుకుంది. వోకా పని 88 గంటలు, ఎస్‌ఏఎస్‌పీ పని 48, కాలేజీ అవగాహన కార్యక్రమం 16, సెలవు 8. సెలవు గంటలు ఏ ఒక్క గ్రాంటు మీదా మోపకూడదు, పనిచేసిన నిష్పత్తిలోనే పంచాలి. కాబట్టి 160తో కాకుండా 152తో భాగించాలి. వోకాకు 2,778.95, ఎస్‌ఏఎస్‌పీకి 1,515.79, అవగాహన కార్యక్రమానికి 505.26. మూడూ కలిపితే సరిగ్గా 4,800. ప్రయోజనాల ఖర్చూ, పేరోల్ పన్నూ ఇదే నిష్పత్తిలో పోవాలి. చాలాచోట్ల జీతం సరిగ్గా పంచి, ఆరోగ్య బీమా మొత్తాన్ని డబ్బు మిగిలి ఉన్న గ్రాంటులో వేస్తారు. ఆడిటర్ కంటికి అది ఇట్టే దొరుకుతుంది.

టైమ్‌షీట్‌లో ఏం రాయాలన్నది కూడా ముఖ్యమే. 'ఆసుపత్రికి తోడుగా వెళ్లడం, 3 గంటలు' అంటే చాలు. ఆసుపత్రి పేరు, వ్యక్తి పేరు, కేసు నంబరు ఏవీ వద్దు. టైమ్‌షీట్లు ఆడిటర్ చేతికి వెళ్లే కాగితాలన్న సంగతి ప్రతి ఉద్యోగికీ మొదటి రోజే చెప్పండి. వారానికోసారి నింపి, ఉద్యోగి, పైఅధికారి సంతకాలు పెట్టాలి. క్వార్టర్ చివర ఒకేసారి పదమూడు వారాలవి నింపితే, అన్నిటి మీదా ఒకే పెన్నుతో ఒకే రోజు పెట్టిన సంతకాలు కనిపిస్తాయి.

వోకాకు మ్యాచ్, అంటే సంస్థ తన వంతుగా చూపాల్సిన వాటా, కూడా కావాలి, మినహాయింపు ఉంటే తప్ప. ఇది మొత్తం ప్రాజెక్టు ఖర్చులో 20 శాతం. ఫెడరల్ వాటాలో 20 శాతం కాదు. వోకా నుంచి 80,000 వస్తే మ్యాచ్ 20,000. చాలామంది వేసే 16,000 తప్పు. వాలంటీర్ల గంటలు ఇందులో లెక్కకొస్తాయి. రాత్రిపూట హెల్ప్‌లైన్‌లో తెలుగులోనో హిందీలోనో మాట్లాడే వాలంటీరు సమయానికి, అదే పని చేసే ఉద్యోగికి ఇచ్చే రేటుతో విలువ కట్టవచ్చు. అయితే ఉద్యోగుల మాదిరే వాలంటీర్లకూ సంతకం ఉన్న టైమ్‌షీట్ ఉండాలి. 2021 జులైలో వచ్చిన వోకా సవరణ చట్టం మ్యాచ్ మినహాయింపును సులభం చేసింది. భారమైతే మీ రాష్ట్రాన్ని రాతపూర్వకంగా అడగండి. ఎస్‌ఏఎస్‌పీకి మ్యాచ్ లేదు.

మనుషుల లెక్క, సేవల లెక్క

'ఈ క్వార్టర్‌లో ఎంతమందికి సాయం చేశారు?' చూడ్డానికి సులువైన ప్రశ్న. ఒక్కో వ్యవస్థలో దీని అర్థం ఒక్కో రకం.

పీఎంటీలో ముందు మూడు అంకెలు అడుగుతారు: సేవ పొందిన మొత్తం వ్యక్తులు, పేరు చెప్పని సంప్రదింపులు, మొదటిసారి వచ్చిన కొత్తవారు. హెల్ప్‌లైన్‌కు ఎవరో తెలియనివ్వకుండా ఒకే వ్యక్తి ఐదుసార్లు ఫోన్ చేస్తే, వారొకరేనని మీకు తెలిసే అవకాశం లేదు. అవి ఐదు సంప్రదింపులు, వ్యక్తుల లెక్కలోకి రావు. అదే వ్యక్తి తర్వాత ఆఫీసుకు వచ్చి సేవలు మొదలుపెడితే అప్పుడు ఒక వ్యక్తి.

జాతి, లింగం, వయసు వివరాలు కొత్తవారివి మాత్రమే. ప్రతి పట్టిక మొత్తం కొత్తవారి సంఖ్యకు సరిగ్గా సమానం కావాలి, లేకపోతే వ్యవస్థ ముందుకు వెళ్లనివ్వదు. ఒకరి వయసు తెలియకపోతే దగ్గరగా ఉన్న గడిలో ఊహించి వేయకండి. 'నాట్ రిపోర్టెడ్' గడి ఉంది. అడిగినా చెప్పకపోతే అది. మీ సంస్థ ఆ వివరం అసలు సేకరించకపోతే 'నాట్ ట్రాక్డ్'. జాతి విషయంలో ఎవరికి వారు చెప్పుకున్నదే రాయాలి. ఇంటిపేరు చూసి, మాట తీరు చూసి ఆసియన్ గడిలో వేయడం నియమానికీ విరుద్ధం, మర్యాదకూ విరుద్ధం.

నేరం రకం దగ్గర పొరపాటు ఎక్కువ. పెద్దయ్యాక జరిగిన లైంగిక దాడి, పిల్లల మీద జరిగిన లైంగిక దాడి, చిన్నప్పుడు దాడికి గురై ఇప్పుడు పెద్దవారై సహాయం కోసం వచ్చినవారు: ఇవి మూడు విడివిడి గడులు. నలభై ఏళ్ల మనిషి చిన్ననాటి గాయం గురించి వస్తే మూడో గడిలో వేయాలి. ఒకరికి రెండు మూడు రకాల నేరాలు జరిగి ఉంటే అన్ని గడుల్లోనూ లెక్కించవచ్చు. అందుకే ఈ పట్టిక మొత్తం వ్యక్తుల సంఖ్యను మించవచ్చు. ఒకటి కంటే ఎక్కువ రకాలు ఉన్నవారి సంఖ్య విడిగా అడుగుతారు.

సేవల పట్టికలో రెండు నిలువు వరుసలు: ఎంతమంది, ఎన్నిసార్లు. ఒకామెతో ఎనిమిదిసార్లు కౌన్సెలింగ్ జరిగితే వ్యక్తుల వరుసలో 1, సార్ల వరుసలో 8. రెండు వరుసల్లోనూ ఒకే అంకె ఉంటే మీ డేటాబేస్‌లో ఒకటే లెక్కపెడుతున్నారని రాష్ట్రం వారికి వెంటనే అర్థమవుతుంది.

ఓవీడబ్ల్యూ ఫారం ఆలోచన వేరు. అక్కడ బాధితులను పూర్తిగా సేవ అందినవారు, కొంత అందినవారు, అందనివారు అని మూడుగా విడదీస్తారు. అడిగిన వాటిలో ఈ గ్రాంటు కింద మీరిచ్చే సేవలన్నీ అందితే మొదటి వర్గం. కొన్నే అందితే రెండోది. గ్రాంటు కింద ఇస్తామని ఒప్పుకున్న సేవ కోసం వచ్చి ఏదీ అందకుండా వెనుదిరిగితే మూడోది. ఒక్కో వ్యక్తిని ఆరు నెలల్లో ఒక్కసారే లెక్కించాలి. దాడికి గురైనవారి తల్లి, చెల్లెలు, భర్త వంటివారిని ద్వితీయ బాధితులుగా విడిగా చూపాలి, ప్రధాన లెక్కలో కలపకూడదు.

'అందనివారు' గడిలో సున్నా రాయాలని చాలామందికి ఆశ. సున్నా అంటే సంస్థ గొప్పగా పనిచేసిందనుకుంటారు. నిజానికి తెలుగు మాట్లాడే కౌన్సెలర్ లేక ఆరుగురు ఏ సేవా అందకుండా వెనుదిరిగారంటే, ఆ ఆరుగురి లెక్కే వచ్చే ఏడాది ఆ ఉద్యోగం అడగడానికి మీ దగ్గరుండే బలమైన ఆధారం. వెనక్కి వెళ్లినవారిని కూడా నమోదు చేయండి, కారణంతో సహా.

ఇంకో ముఖ్య విషయం: ప్రతి రిపోర్టులోనూ ఆ గ్రాంటు డబ్బుతో జరిగిన పనే చూపాలి. ఒకే సేవకు రెండు గ్రాంట్లు డబ్బిస్తుంటే, ఆ నిష్పత్తిలో పంచే పద్ధతి ఒకటి రాసిపెట్టుకుని ఏడాది పొడవునా అదే వాడండి. టైమ్‌షీట్ ప్రకారం ఎస్‌ఏఎస్‌పీ కింద 48 గంటలే పనిచేసి, ఆ నెలలో ఎస్‌ఏఎస్‌పీ కింద 90 మందికి వ్యక్తిగత కౌన్సెలింగ్ ఇచ్చామని రాస్తే, చదివేవారు కాగితం మీద భాగహారం చేసి చూస్తారు.

పేరు బయటికి రాకుండా

మహిళలపై హింస నిరోధక చట్టం కింద డబ్బు తీసుకునే సంస్థ, బాధితుల గుర్తింపు తెలిసే వివరాలను వారి అనుమతి లేకుండా ఎవరికీ ఇవ్వకూడదు. గ్రాంటు ఇచ్చినవారికి కూడా. అనుమతి రాతపూర్వకంగా, అన్నీ తెలిసి, పరిమిత కాలానికే ఉండాలి. సంతకం పెడితేనే సేవ ఇస్తామనడం నిషేధం. చట్టమో కోర్టో ఆదేశిస్తే తప్ప మినహాయింపు లేదు. అప్పుడు కూడా బాధితులకు తెలియజేయడానికి తగిన ప్రయత్నం చేయాలి. రిపోర్టుకు కావాల్సింది మొత్తం అంకెలే, పేర్లు ఎవరూ అడగరు. భర్త వీసా మీద ఆధారపడి వచ్చిన మహిళ 'నా పేరు ప్రభుత్వానికి వెళ్తుందా?' అని అడిగితే, గ్రాంట్ రిపోర్టులో పేరు వెళ్లదని ధైర్యంగా చెప్పగలిగేలా మీ పద్ధతి ఉండాలి.

పేర్లు బయటపడేది ఎక్కువగా లెక్కల కాగితాల్లో. ఒకామెను మూడు రాత్రులు హోటల్లో ఉంచారనుకోండి. హోటల్ బిల్లు మీద ఆమె పేరుంటే, ఆ బిల్లు అకౌంటెంట్ దగ్గరికి, అక్కడి నుంచి రాష్ట్రానికి, ఆడిటర్‌కు ప్రయాణం చేస్తుంది. ముందే హోటల్‌తో మాట్లాడి బిల్లు సంస్థ పేరు మీద వచ్చేలా ఏర్పాటు చేసుకోండి. వోచర్ మీద కోడ్ నంబరు మాత్రమే రాయండి. ఏ కోడ్ ఎవరిదో తెలిపే జాబితా సేవల విభాగం తాళంలో ఉండాలి, లెక్కల విభాగానికి అందకూడదు. ఫోన్ యాప్‌తో నేరుగా బాధితురాలికి డబ్బు పంపితే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆమె పేరు పడుతుంది, కాబట్టి ఆ దారి వద్దు. ట్యాక్సీ రసీదులో ఇంటి చిరునామా ఉంటుంది, నకలు పంపే ముందు దాన్ని నల్లగా కొట్టేయండి. చెక్కు మీద 'మెమో' గీత ఖాళీగా వదలండి.

సమాజం చిన్నదైనప్పుడు అంకె కూడా పేరు చెప్పేస్తుంది. ఒక కౌంటీలో తెలుగు కుటుంబాలు రెండు వందలే ఉంటే, '60 ఏళ్లు దాటిన తెలుగు మహిళ, 1' అన్న ఒక్క గడి చాలు, ఊళ్లో గుసగుసలు మొదలవడానికి. ఫారం అడిగిన అంకెను మార్చకూడదు. కానీ ఫారం అడగని చోట, అంటే వివరణలో, బోర్డుకిచ్చే సారాంశంలో, సంస్థ వార్తాపత్రికలో, భాష, కౌంటీ, వయసు మూడింటినీ కలిపి చూపకండి. చిన్న అంకెలను పెద్ద వర్గంలో కలిపేయండి.

వివరాలున్న ల్యాప్‌టాప్ పోయినా, తప్పు ఈమెయిల్‌కు జాబితా వెళ్లినా, న్యాయశాఖ గ్రాంటు షరతుల ప్రకారం 24 గంటల్లోగా తెలియజేయాలి. ఎవరికి ఫోన్ చేయాలో ఆ పేరు, నంబరు గోడ మీద ఉండాలి.

ఎస్‌ఎఫ్-425 నింపడం

ఈ ఆర్థిక నివేదిక పేజీ, పేజీన్నర మాత్రమే. మొత్తం అవార్డు మొదటి రోజు నుంచి ఇప్పటివరకు పోగైన లెక్క ఇది, ఒక్క క్వార్టర్‌ది కాదు.

మీ అవార్డు 3,00,000 డాలర్లు అనుకుందాం. డిసెంబర్ చివరికి ఖర్చు 84,200. మార్చి చివరికి మొత్తం ఖర్చు 1,18,450. అంటే ఈ క్వార్టర్ ఖర్చు 34,250. దీన్ని లెడ్జర్‌లోని జనవరి, ఫిబ్రవరి, మార్చి మొత్తంతో సరిచూడండి. ఒప్పుకున్నా ఇంకా ఖర్చుగా రాయని మొత్తం, అంటే శిక్షకుడికి ఇవ్వాల్సిన ఫీజు వంటిది, 2,550 ఉందనుకోండి. అది విడి వరుస. రెండూ కలిపి 1,21,000. మిగిలింది 1,79,000. ఇక్కడ ఒక రకం తప్పు తరచుగా జరుగుతుంది: గత క్వార్టర్‌లో బకాయిగా చూపినది ఈసారి ఖర్చులోకి వచ్చాక కూడా బకాయి వరుసలో అలాగే ఉండిపోతుంది. ఒకే డబ్బు రెండుసార్లు లెక్కకొస్తుంది. ఆఖరి రిపోర్టులో ఈ బకాయి వరుస సున్నా కావాలి.

ఏఎస్‌ఏపీ నుంచి తీసుకున్న మొత్తం ఖర్చును మించకుండా చూడండి. ముందుగా తీసుకుంటే న్యాయశాఖ నియమం ప్రకారం 10 రోజుల్లోగా చెల్లింపులు పూర్తవ్వాలి. పేరోల్‌కు రెండు మూడు రోజుల ముందు, అసలు అవసరమైనంత మాత్రమే తీసుకోవడం మంచి అలవాటు. ప్రతిసారీ ఏ ఖర్చులకు తీసుకున్నారో ఒక పేజీ పట్టిక దాచండి.

పరోక్ష ఖర్చులకు, అంటే డైరెక్టర్ జీతంలో కొంత, అకౌంటింగ్, ఆఫీసు నిర్వహణ వంటివాటికి, చర్చించి కుదుర్చుకున్న రేటు లేని సంస్థ కనీస రేటు వాడుకోవచ్చు. 2024 అక్టోబర్ 1 నుంచి అమల్లోకొచ్చిన సవరణలతో ఇది 10 నుంచి 15 శాతానికి పెరిగింది. పాత అవార్డుకు పాత రేటే ఉండవచ్చు, మీ బడ్జెట్ చూసుకోండి. అయితే ఈ శాతం మొత్తం ఖర్చు మీద వేయరు. అద్దె, పరికరాలు, ఒక్కో సబ్‌గ్రాంటులో 50,000 దాటిన భాగం తీసేయాలి. క్వార్టర్‌లో నేరు ఖర్చు 42,000, అందులో అద్దె 3,600 అయితే, 38,400 మీద 15 శాతం, అంటే 5,760. అద్దె తీయకుండా వేస్తే 6,300 వస్తుంది. ఆ 540 డాలర్లు చిన్నవిగా కనిపిస్తాయి గానీ, మూడేళ్ల గ్రాంటులో పన్నెండు క్వార్టర్లకు 6,480 వెనక్కి కట్టాలి, అదీ సంస్థ సొంత డబ్బుతో. మరో జాగ్రత్త: పరోక్ష రేటులో ఉన్న ఖర్చును మళ్లీ నేరు ఖర్చుగా రాయకూడదు.

గడువు దాటితే జస్ట్‌గ్రాంట్స్ డబ్బు తీసుకునే దారిని మూసేస్తుంది. రిపోర్టు పంపేదాకా తెరుచుకోదు. పేరోల్ వారంలో అది జరిగితే సంస్థ పరిస్థితి వేరే చెప్పక్కర్లేదు.

వివరణ రాయడం

అంకెల పక్కన రాసే వివరణను చాలామంది పోయినసారి దాని నుంచి ఎత్తి అతికిస్తారు. గ్రాంట్ మేనేజర్ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువుతారు. దరఖాస్తులో రాసిన లక్ష్యాలను వరుసగా తీసుకుని, ఒక్కోదానికి ఏం జరిగింది, ఏం జరగలేదు, ఎందుకు, ఇక ఏం చేస్తారు అని రాయండి. అవార్డు కాలం మూడొంతులు గడిచి డబ్బు ఐదో వంతే ఖర్చయితే వాళ్లు అడగకముందే చెప్పండి: కౌన్సెలర్ పోస్టు ఐదు నెలలు ఖాళీగా ఉంది, ఫలానా నెలలో చేరారు, మిగిలిన డబ్బుకు ప్రణాళిక ఇది. పోస్టు ఖాళీగా ఉన్న నెలల్లో సేవలు మామూలుగా సాగాయని రాస్తే మాత్రం లెక్కలతో పొసగదు.

బాధితుల అనుభవం రాసేచోట జాగ్రత్త. ఇలా రాయకూడదు: 'ఐటీ ఉద్యోగి భార్య, 34 ఏళ్లు, ఇద్దరు పిల్లల తల్లి, మార్చిలో గుంటూరు నుంచి వచ్చారు, స్థానిక గుడిలో పరిచయమైన వ్యక్తి దాడి చేశాడు.' ఒక్క పేరూ లేదు, ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది. ఇలా రాయవచ్చు: 'ఈ ఆరు నెలల్లో మాతృభాషలో సేవ కావాలని వచ్చినవారిలో ఎక్కువమంది మొదటి సమావేశంలో దాడి గురించి మాట్లాడలేదు. ఇల్లు, వీసా, పిల్లల గురించి మాట్లాడారు. మూడో నాలుగో సమావేశం తర్వాతే అసలు విషయం చెప్పగలిగారు. అందువల్ల ఒక్కొక్కరికి అనుకున్నదానికంటే ఎక్కువ సమావేశాలు అవసరమయ్యాయి.' ఇది ఎవరినీ పట్టివ్వదు, పైగా ఖర్చు ఎందుకు పెరిగిందో కూడా చెబుతుంది.

బడ్జెట్ మార్పులు వివరణలో ప్రస్తావిస్తే సరిపోదు. నిర్ణీత మొత్తం దాటిన న్యాయశాఖ అవార్డుల్లో, బడ్జెట్ వర్గాల మధ్య మార్పులు అన్నీ కలిపి మొత్తం అవార్డులో 10 శాతం దాటితే ముందస్తు ఆమోదం తప్పనిసరి. గడువు పొడిగింపునకు కూడా జస్ట్‌గ్రాంట్స్‌లో విడిగా అడగాలి. ఖర్చు పెట్టాక అడిగితే కుదరదు.

క్వార్టర్ ముగిశాక ముప్పై రోజులు

మూడో తేదీకల్లా టైమ్‌షీట్లన్నీ సంతకాలతో రావాలి. ఏడో తేదీకి బ్యాంకు స్టేట్‌మెంట్‌తో లెడ్జర్ సరిచూసి నెల మూసేయాలి, ఆ తర్వాత ఎవరూ వెనక్కి వెళ్లి ఎంట్రీలు మార్చకూడదు. పదో తేదీకి సేవల డేటాబేస్ నుంచి అంకెలు తీయాలి. తీసిన రోజే ఆ నివేదికను తేదీ వేసి ఫైలుగా దాచండి, ఎందుకంటే తర్వాత ఎవరైనా పాత కేసు సరిదిద్దితే అదే నివేదిక వేరే అంకె చూపుతుంది, మీరు పంపినదానికి ఆధారం ఉండదు. పదిహేనో తేదీ అకౌంటెంటూ సేవల విభాగం బాధ్యురాలూ గంటసేపు కలిసి కూర్చోవాలి: ఏ గ్రాంటుకు ఎన్ని గంటలు, ఎంత ఖర్చు, ఎన్ని సేవలు. పొంతన లేనిది ఏదైనా ఉంటే అక్కడే బయటపడుతుంది. ఇరవైకి రిపోర్టు రాయనివారు ఒకరు చదవాలి. ఇరవై ఐదుకు పంపేయాలి. ఆఖరి రోజున వ్యవస్థ నెమ్మదిస్తుంది, పాస్‌వర్డ్ గడువు అయిపోయి ఉంటుంది.

ఆడిట్, ముగింపు, దాచాల్సిన కాగితాలు

2024 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ మొదలైన ఆర్థిక సంవత్సరాల నుంచి, ఏడాదిలో ఫెడరల్ డబ్బు 10 లక్షల డాలర్లు అంతకంటే ఎక్కువ ఖర్చుచేసే సంస్థకు సింగిల్ ఆడిట్, అంటే ఫెడరల్ గ్రాంట్లన్నిటినీ కలిపి చూసే ఒకే ఆడిట్, తప్పనిసరి. అంతకుముందు హద్దు ఏడున్నర లక్షలు. లెక్కించేది వచ్చిన డబ్బు కాదు, ఖర్చు చేసినది. రాష్ట్రం ద్వారా వచ్చినదీ ఫెడరల్ డబ్బే. నివేదికను ఆర్థిక సంవత్సరం ముగిసిన 9 నెలల్లోగా లేదా ఆడిటర్ ఇచ్చిన 30 రోజుల్లోగా, ఏది ముందైతే అప్పటికి ఫెడరల్ ఆడిట్ క్లియరింగ్‌హౌస్‌కు పంపాలి.

గ్రాంటు ముగిశాక నేరుగా తీసుకున్న సంస్థకు ఆఖరి నివేదికలకు 120 రోజులు, సబ్‌గ్రాంటు సంస్థ రాష్ట్రానికి ఇవ్వడానికి 90 రోజులు. ముగింపు తేదీ తర్వాత చేసిన కొత్త ఖర్చు ఆ గ్రాంటుకు రాయకూడదు. ఆఖరి వారంలో మిగిలిన డబ్బుతో ల్యాప్‌టాప్‌లు కొనడం చూడగానే ప్రశ్నలు వస్తాయి, ఆ గ్రాంటు పనికి అవి వాడే సమయమే లేదు కాబట్టి.

ఆర్థిక కాగితాలు ఆఖరి ఆర్థిక నివేదిక పంపిన తేదీ నుంచి కనీసం మూడేళ్లు దాచాలి. రాష్ట్ర ఒప్పందం ఎక్కువ కాలం కోరవచ్చు. ఆడిట్‌గానీ వ్యాజ్యంగానీ నడుస్తుంటే అది తేలేదాకా ఉంచాలి. కౌన్సెలింగ్ ఫైళ్లకు ఈ లెక్క వర్తించదు, వాటికి రాష్ట్ర చట్టం, వృత్తి లైసెన్సు నియమాలు వేరు. గ్రాంటు సాకుతో పేర్లున్న కాగితాలను అవసరానికి మించి దాచకండి. కోడ్ నంబర్లకు పేర్లు కలిపిన జాబితాను మాత్రం గడువు పూర్తయ్యేదాకా తాళంలో ఉంచి, ఆ తర్వాత ఇద్దరి సమక్షంలో ముక్కలు చేసి, ఫలానా గ్రాంటు జాబితా ఫలానా తేదీన నాశనం చేశామని ఇద్దరి సంతకాలతో ఒక కాగితం ఫైల్లో పెట్టండి.